ధూమరహిత ప్రదేశం: నిషేధమా? హక్కా?

మన తాతలు రైలును ‘పొగబండి’ అన్నారు. పండితులు ‘ధూమశకటం’ అన్నారు. బొగ్గు ఇంజనుతో నడిచిన ఆ బండికి ఆ పేరు తగినదే. ఆ పేరులోని సత్యం అందరికంటె ఎక్కువగా ఇంజనులో బొగ్గు వేసిన ఫైర్‌మన్‌కు తెలుసు. 1972లో మన దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగిపోయింది. 1995 డిసెంబరులో బ్రాడ్‌గేజి మార్గాల మీద ఆవిరి బండ్ల శకం ముగిసింది. ఇంజను పొగ పోయింది. అయితే పెట్టెలోపలి పొగ, వెయిటింగు గదిలోని పొగ, సార్టింగు హాలులోని పొగ, రన్నింగు రూములోని పొగ మాత్రం అంత సులభంగా పోలేదు. దానిని పంపివేయడానికి చట్టాలు వచ్చాయి, బోర్డులు వచ్చాయి. బోర్డులతో పాటు కొన్ని మాటలు కూడా వచ్చాయి. ఆ మాటలను గురించి మన సభ్యులతో కొంత వివరంగా మాట్లాడదలచాము.

నేడు ప్రతి స్టేషనులోను, ప్రతి తపాలా కార్యాలయంలోను ఏదో ఒక బోర్డు ఉండవలసియున్నది. కొన్నిచోట్ల దాని మీద ‘పొగ త్రాగరాదు’ అని ఉంటుంది. మరికొన్నిచోట్ల ‘ధూమపాన నిషిద్ధ ప్రాంతము – ఇచ్చట పొగ త్రాగుట నేరము’ అని ఉంటుంది. ఆరోగ్య ప్రచారంలో ‘ధూమరహిత ప్రదేశం’ అనే మాట కూడా వాడుకలోకి వచ్చింది. అధికారులు ఈ మూడింటినీ ఒకే అర్థంలో వాడుతున్నారు. మనలో చాలామంది కూడా అట్లాగే వాడుతున్నాము. అది పొరపాటని మా అభిప్రాయం. పైకి చూస్తే ఇది భాషకు సంబంధించిన చిన్న సంగతి. లోతుకు పోతే, పనిచేసే చోట మనం పీల్చే గాలికి బాధ్యులెవరు అనే ప్రశ్న ఇందులో ఉన్నది.

‘పొగ త్రాగరాదు’ అన్నది పొగ త్రాగేవానికి ఇచ్చే ఆజ్ఞ. అతడు వింటే సరి, వినకపోతే జరిమానా. ఆ పక్కనే కూర్చుని ఎనిమిది గంటలు డ్యూటీ చేసేవారి ఊసు ఆ వాక్యంలో లేదు. ‘ధూమరహిత ప్రదేశం’ అన్నది ఆ చోట గాలి ఎట్లా ఉండాలో చెప్పే మాట. గాలి అట్లా లేకపోతే ఆ చోటును నిర్వహించేవారు జవాబు చెప్పాలి. మొదటి మాట ఒక వ్యక్తిని ముద్దాయిగా నిలబెడుతుంది. రెండవ మాట యాజమాన్యం మీద బాధ్యత పెడుతుంది. కార్మిక సంఘానికి ఈ తేడా చాలా ముఖ్యమైనది.

చట్టం నడచిన దారి

ఈ తేడా ఎట్లా ఏర్పడిందో తెలియాలంటే రైల్వే చట్టాన్నే చూడాలి. 1890 నాటి భారత రైల్వే చట్టం 110వ సెక్షను ప్రకారం, ప్రత్యేకంగా కేటాయించిన పెట్టెలో తప్ప, తోటి ప్రయాణీకుల సమ్మతి లేకుండా పొగ త్రాగినవానికి 20 రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. దాదాపు నూరేళ్ళ తర్వాత 1989లో కొత్త రైల్వే చట్టం వచ్చింది. దాని 167వ సెక్షనులో, తోటి ప్రయాణీకుడు అభ్యంతరం చెబితే పెట్టెలో పొగ త్రాగరాదని, ఏ బండిలోనైనా, బండిలో ఏ భాగంలోనైనా ధూమపానాన్ని నిషేధించే అధికారం రైల్వే పాలనా యంత్రాంగానికి ఉన్నదని, ఉల్లంఘనకు 100 రూపాయల వరకు జరిమానా అని వ్రాశారు.

ఈ రెండు చట్టాలలోను గమనార్హమైన విషయం ఒకటున్నది. సమ్మతి ఇచ్చేవాడు, అభ్యంతరం చెప్పేవాడు తోటి ప్రయాణీకుడే. అదే పెట్టెలో రాత్రంతా టిక్కెట్లు తనిఖీ చేసే టి.టి.ఇ. ప్రయాణీకుడు కాడు. దుప్పట్లు పంచే అటెండెంటు ప్రయాణీకుడు కాడు. పెట్టె ఊడ్చేవాడు అసలే కాడు. బండిలో ప్రయాణీకునికంటె ఎక్కువ కాలం గడిపే ఉద్యోగి ఊపిరికి ఆ సెక్షన్లలో చోటు లేకపోయింది. ప్రయాణీకుల సౌకర్యం కోసం వ్రాసిన నియమం అది. పనివారి ఆరోగ్యం కోసం వ్రాసినది కాదు.

1999లో కేరళ హైకోర్టు బహిరంగ ప్రదేశాలలో ధూమపానం చట్టవిరుద్ధమని, అది రాజ్యాంగంలోని 21వ అధికరణ హామీ ఇచ్చిన జీవించే హక్కుకు భంగకరమని తీర్పు చెప్పింది. 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు మురళీ దేవరా కేసులో ఆస్పత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్ళతో సహా ప్రజారవాణా వాహనాలు మొదలైన చోట్ల ధూమపానాన్ని నిషేధించవలసిందిగా ఆదేశించింది. పొగ త్రాగనివాని ప్రాణాన్ని ఎదుటివాని అలవాటుకు బలిపెట్టరాదన్నది ఆ తీర్పుల సారాంశం. సౌకర్యం అన్న మాట వెనుకకు పోయి, హక్కు అన్న మాట ముందుకు వచ్చినది అప్పుడే.

2003లో పార్లమెంటు పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. దాని 4వ సెక్షను బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని నిషేధించింది. 21వ సెక్షను 200 రూపాయల వరకు జరిమానా పెట్టింది. అయితే ‘బహిరంగ ప్రదేశం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో రైల్వే వెయిటింగు గదిని, ప్రభుత్వ కార్యాలయాలను చేర్చి, ఆరుబయలును మినహాయించారు. అప్పుడు ప్లాట్‌ఫారం ఏమవుతుంది? పైకప్పు ఉన్నంతవరకు ఒకటి, కప్పు దాటితే మరొకటి అని వాదించడానికి సందు దొరికింది. 2008 అక్టోబరు 2న అమలులోకి వచ్చిన నిబంధనలు ఈ సందును మూసివేశాయి. రైల్వే స్టేషను, బస్టాండు వంటి చోట్లు ఆరుబయలు కిందకు రావని ఆ నిబంధనలు స్పష్టం చేశాయి. కనుక ప్లాట్‌ఫారం చివర చెట్టు కింద నిలబడి కాల్చినా నిషేధం వర్తిస్తుంది.

మనకు ఇంకా ముఖ్యమైనది మరొకటి. ఆ నిబంధనలు ‘బహిరంగ ప్రదేశం’ అనే మాటలోకి పనిచేసే చోట్లను కూడా తెచ్చాయి. ప్రజలు అడుగుపెట్టని ఆర్.ఎం.ఎస్. సార్టింగు హాలు, సిగ్నలు క్యాబిను, రన్నింగు రూము, గ్యాంగు హట్టు, తపాలా కార్యాలయం వెనుక సంచులు విప్పే గది – ఇవన్నీ మన అవగాహనలో పనిచేసే చోట్లే. 1890లో లెక్కలోకి రాని ఉద్యోగి 118 ఏళ్ళ తర్వాత, 2008లో, ఒక నిర్వచనంలోని ఒక్క మాట ద్వారా లెక్కలోకి వచ్చాడు. ఆ మాటను మనం ఇంతవరకు సరిగా వినియోగించుకోలేదు.

‘ధూమరహితం’ అంటే ఎంత రహితం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2003లో పొగాకు నియంత్రణ ఒడంబడిక ఆమోదం పొందింది. భారతదేశం 2004లో దానిని ధ్రువీకరించింది. ఒడంబడికలోని 8వ అధికరణ పొగాకు పొగ నుండి ప్రజలకు రక్షణ కల్పించాలంటుంది. పనిచేసే చోట్లను అందులో ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఆ అధికరణ అమలు కోసం 2007లో ఆమోదించిన మార్గదర్శకాలలో ధూమరహితమైన గాలికి అర్థం చెప్పారు. నూటికి నూరుపాళ్ళు పొగాకు పొగ లేని గాలి అది. అంటే పొగ కంటికి కనిపించరాదు, ముక్కుకు తగలరాదు, కొలిచినా దొరకరాదు.

ఇంత కఠినమైన నిర్వచనం ఎందుకని కొందరు అడుగవచ్చును. 1981లో జపాను శాస్త్రవేత్త తకేషి హిరయామా తన పరిశీలన ఫలితాలను ప్రకటించారు. తాము ఎన్నడూ పొగ త్రాగకపోయినా, ఎక్కువగా పొగ త్రాగే భర్తలతో కాపురం చేసిన స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సరు ఎక్కువగా ఉన్నదని ఆయన చూపారు. పొగాకు కంపెనీలు ఆ ఫలితాలను ఖండించడానికి ఎంతో ప్రయత్నించాయి. తర్వాత అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు వాటినే బలపరిచాయి. ఇతరుల పొగను పీల్చడంలో ప్రమాదం లేని పరిమితి అంటూ ఏదీ లేదని 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక నిర్ద్వంద్వంగా చెప్పింది. ఫ్యాన్లు తిప్పినా, కిటికీలు తెరిచినా, గాలిని వడకట్టినా ఆ ప్రమాదం పూర్తిగా పోదు. ఏ.సి. పెట్టెలో చల్లబరచిన గాలినే చాలావరకు తిరిగి తిప్పుతారని మన క్యారేజి విభాగం సోదరులకు తెలుసు. అక్కడ ఒకరు మరుగుదొడ్డిలో కాల్చిన సిగరెట్టు అందరి ఊపిరిలోకి పోతుంది.

అందుచేత ‘పొగ త్రాగేవారికి ఒక మూల’ అనే ఏర్పాటును ధూమరహితం అనడానికి వీలులేదు. 30 గదులున్న హోటళ్ళు, 30 మంది కూర్చునే భోజనశాలలు, విమానాశ్రయాలు ప్రత్యేక ధూమపాన స్థలాన్ని ఏర్పాటు చేసుకోవచ్చునని 2003 చట్టం మినహాయింపు ఇచ్చింది. దానికి నాలుగు వైపులా నిండు గోడలు, తనంతట తానే మూసుకునే తలుపు, గాలిని బయటకు లాగే యంత్రం ఉండాలన్నారు. ఆ గది బయట కూర్చున్న పెద్దమనుషులకు పొగ తగలకపోవచ్చును. ఆ గదిని ఊడ్చేదెవరు? బూడిద పళ్ళెం ఎత్తేదెవరు? సంస్థ జాబితాలో పేరు కూడా లేని కాంట్రాక్టు కార్మికురాలు. కూర్చున్నవానికి పది నిమిషాల పొగ. ఆమెకు షిఫ్టంతా పొగ. ఆమె కూడా రక్షణ పొందినప్పుడే ఆ మాటకు అర్థం ఉన్నట్లు. మన స్టేషన్లలోను, కార్యాలయాలలోను అలాంటి గదుల ప్రతిపాదన ఎవరు తెచ్చినా మన సంఘాలు వ్యతిరేకించాలని మేము కోరుతున్నాము.

ఈ మాటను దుర్వినియోగం చేసేవారు కూడా ఉన్నారు. పొగ రాని పొగాకు వేరు, ధూమరహిత ప్రదేశం వేరు. ఖైనీ, గుట్కా వంటివాటికి పొగ ఉండదు కనుక అవి హానిలేనివని భ్రమపడే సోదరులు మనలో తక్కువేమీ కాదు. నోటి క్యాన్సరుకు అవి దారితీస్తాయి. విదేశీ సిగరెట్టు కంపెనీలు కొత్త రకం పరికరాలను అమ్ముకోవడానికి ‘పొగలేని భవిష్యత్తు’ అని ప్రచారం చేస్తున్నాయి. మన దేశం 2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్లను చట్టం ద్వారా నిషేధించింది. హక్కును సూచించే మాటను సరుకు అమ్మే మాటగా మార్చడం వ్యాపారులకు కొత్తకాదు. మాటను మనం గట్టిగా పట్టుకోకపోతే వారు పట్టుకుపోతారు.

పేరు మారితే చాలునా?

బోర్డు మీద ‘నిషిద్ధ ప్రాంతం’ చెరిపి ‘ధూమరహిత ప్రదేశం’ అని వ్రాయమని మేము కోరుతున్నామని ఎవరూ అనుకోరాదు. పేర్లు మార్చడంలో మన యాజమాన్యాలు ఆరితేరినవి. తపాలా శాఖలో ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంట్లను 2001లో గ్రామీణ డాక్ సేవకులన్నారు. పేరు గౌరవంగానే ఉన్నది. అయినా శాఖాపరమైన ఉద్యోగి హోదా వారికి రాలేదు. రైల్వేలో గ్యాంగుమన్‌ను ట్రాక్‌మన్ అన్నారు, తర్వాత ట్రాక్ మెయింటెయినర్ అన్నారు. ఎండలో భుజాన మోసే పనిముట్ల బరువు పేరుతో తగ్గలేదు.

మాటకు బలం ఉద్యమం నుండి వస్తుంది. బోనసు విషయం గుర్తుచేసుకుందాం. యాజమాన్యం దృష్టిలో అది దయతో ఇచ్చే బహుమానం. కార్మికోద్యమం మాత్రం దానిని వాయిదాపడిన వేతనం అన్నది. 1974 మే రైల్వే సమ్మె కోర్కెలలో బోనసు ఒకటి. సమ్మెను అణచివేశారు. కాని 1979లో రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనసు ఇవ్వక తప్పలేదు. ఒక మాటకు మనం చెప్పిన అర్థం వెనుక లక్షలాది మంది నిలబడడం వలననే అది సాధ్యమైంది. ‘ధూమరహితం’ అన్న మాటకు కూడా మన అర్థం మనం చెప్పాలి. పరిశుభ్రమైన త్రాగునీరు, వెలుతురు, విశ్రాంతి గది ఎట్లా పని పరిస్థితులలో భాగమో, పొగలేని గాలి కూడా అట్లాగే భాగం. ఈ కోర్కె సలహా సంఘాల సమావేశపు ఎజెండాలోకి ఎక్కాలి.

మాటను తేలికచేస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ రైల్వే చరిత్రలోనే ఉన్నది. లండను భూగర్భ రైల్వే స్టేషన్లలో 1985 నుండి ధూమపానం నిషిద్ధం. బోర్డులున్నాయి. అయినా ప్రయాణీకులు కదిలే మెట్ల మీద పైకి పోతూ సిగరెట్టు వెలిగించేవారు. 1987 నవంబరు 18 సాయంకాలం కింగ్స్ క్రాస్ స్టేషనులో కొయ్యతో చేసిన ఆ మెట్ల సందులో పడిన అగ్గిపుల్ల నుండి, కింద ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజుకు, చెత్తకు నిప్పంటుకున్నది. 31 మంది మరణించారు. మంట ఆర్పడంలోను, ప్రయాణీకులను బయటకు పంపడంలోను సిబ్బందికి సరియైన శిక్షణ ఇవ్వలేదని విచారణలో తేలింది. ఆ సంస్థలో అలాంటి సంఘటనలను ‘అగ్నిప్రమాదం’ అనక ‘రాజుకోవడం’ అనే మెత్తని మాటతో నమోదు చేసే అలవాటు ఉండేదని కూడా బయటపడింది. అగ్గిపుల్ల వేసింది ఒక ప్రయాణీకుడే కావచ్చును. చెత్త పేరుకోనిచ్చింది, శిక్షణ ఇవ్వనిది, మంటను మంట అనడానికి వెనుకాడినది యాజమాన్యం. నిషేధపు బోర్డు ఆ బాధ్యతను కప్పిపుచ్చింది.

అమలు భారం ఎవరి మీద?

2008 నిబంధనల ప్రకారం స్టేషను మాస్టరు, పోస్టు మాస్టరు తమ పరిధిలో జరిమానా విధించే అధికారులు. చోటుకు బాధ్యుడైనవాడు ప్రవేశద్వారం వద్ద కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల బోర్డు పెట్టించాలి. బూడిద పళ్ళాలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచరాదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరు ప్రదర్శించాలి. ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోకపోతే ఉల్లంఘనల సంఖ్యకు సరిసమానమైన జరిమానా అతడే చెల్లించాలి.

నియమం మంచిదే. ఆచరణ ఎట్లా ఉన్నదో చూడండి. చిన్న స్టేషనులో రాత్రి డ్యూటీలో ఉన్నది ఒక్క స్టేషను మాస్టరు. ప్యానెల్ విడిచి ప్లాట్‌ఫారం చివరకు పోయి, నలుగురు గుమిగూడి బీడీలు కాల్చుతుంటే రశీదు పుస్తకం తీయమంటారా? బండి భద్రత చూడాలా, జరిమానా వసూలు చేయాలా? ఇద్దరు, ముగ్గురు సిబ్బందితో నడిచే సబ్ పోస్టాఫీసులో కౌంటరు ముందు వరుస నిలిచి ఉండగా పోస్టు మాస్టరు వరండాలోకి పోయి తగవులాడగలడా? అధికారం కాగితం మీద ఇచ్చి, మనుషులను ఇవ్వకపోవడం అధికారం ఇచ్చినట్లు కాదు. నిందను కిందివాని నెత్తిన పెట్టినట్లు.

2023 ఆగస్టులో తిరుపతి – సికింద్రాబాదు వందేభారత్ బండిలో టిక్కెట్టు లేకుండా ఎక్కిన ఒక వ్యక్తి మరుగుదొడ్డిలో పొగ త్రాగగా, మంటలను పసిగట్టే పరికరం పనిచేసి, మనుబోలు వద్ద బండి ఆగిపోయింది. ప్రయాణీకులు భయభ్రాంతులైనారు. యంత్రం తన పని తాను చేసింది. యంత్రం లేని వేలాది పెట్టెలలో ఆ పని చేయవలసినది మనిషే. మనుషుల ఖాళీలను నింపకుండా ధూమరహితం అనడం బోర్డుకు రంగు వేయడమే అవుతుంది.

ఇంకొక ప్రమాదం ఉన్నది. ఈ నియమాన్ని చిన్న ఉద్యోగి మీద కక్షసాధింపుకు ఉపయోగించే అవకాశం ఉన్నది. పై అధికారి గదిలో బూడిద పళ్ళెం ఉంటే చూడనివారు, గ్యాంగు హట్టులో బీడీముక్క కనబడితే ఛార్జిషీటు ఇవ్వడానికి సిద్ధమవుతారు. నియమం అందరికీ ఒకటే కావాలి. అది అధికారి గది నుండి మొదలు కావాలి.

మన సోదరుల అభ్యంతరాలు

రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి, చలికి, ఒంటరితనానికి ఒక బీడీ తప్ప వేరే ఆధారం ఏమున్నదని అడిగే సోదరులున్నారు. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసివేయడం లేదు. ఆ అలవాటును కొంతవరకు మన పని పరిస్థితులే పెంచాయి. వరుస రాత్రి డ్యూటీలు, విశ్రాంతి లేని రోస్టరు, వేడి టీ కూడా దొరకని స్టేషన్లు మనిషిని పొగ వైపు నెట్టాయి. కనుక పొగ మానమని చెప్పే యాజమాన్యం రోస్టరును కూడా సరిచేయాలి. నికోటిన్‌కు బానిసైన వ్యక్తి దోషి కాడు, చికిత్స కావలసినవాడు. రైల్వే ఆస్పత్రులలోను, కేంద్ర ప్రభుత్వ వైద్యశాలలలోను పొగాకు మాన్పించే చికిత్స, మందులు, సలహా ఉచితంగా అందాలి. సిగరెట్టు పెట్టెల మీద ముద్రించిన 1800-11-2356 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చునని ఎందరికి తెలుసు?

అది నా వ్యక్తిగత స్వేచ్ఛ అనేవారు మరికొందరు. తన ఊపిరితిత్తుల మీద ఎవరి ఇష్టం వారిదే కావచ్చును. పక్కన ఉన్న గర్భిణి అయిన సహోద్యోగిని ఊపిరితిత్తుల మీద, ఆస్త్మాతో బాధపడే సార్టరు ఊపిరితిత్తుల మీద ఆ స్వేచ్ఛ చెల్లదు. 2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వేలో, గదుల లోపల పనిచేసే ప్రతి పదిమందిలో ముగ్గురు పనిచేసే చోట ఇతరుల పొగను పీల్చుతున్నట్లు తేలింది. చట్టం వచ్చిన పదమూడేళ్ళ తర్వాత సంగతి అది.

బీడీ కార్మికుల మాటేమిటన్నది మరింత బరువైన ప్రశ్న. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో తునికాకు కత్తిరించి, పొగాకు కూరి బీడీలు చుట్టి కుటుంబాలను పోషిస్తున్న స్త్రీలు మన చెల్లెళ్ళే. ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పొగాకు పండించే రైతులు, గ్రేడింగు చేసే కూలీలు మనవాళ్ళే. వారి కూటికి మనం ఎసరు పెడుతున్నామనే మాట యాజమాన్యాల నోటి నుండి తరచు వస్తుంది. వేయి బీడీలకు న్యాయమైన కూలి అడిగినప్పుడు అదే నోరు మూగబోతుంది. రోజంతా పొగాకు దుమ్ము పీల్చి దగ్గే ఆ చెల్లెలు కూడా శుభ్రమైన గాలికి హక్కుదారే. ఆమెకు ప్రత్యామ్నాయ ఉపాధి, ఆరోగ్య రక్షణ, పింఛను కావాలన్న పోరాటంలో మనం ఆమె వెంట నిలబడాలి. ఆమె ఉపాధి పేరు చెప్పి సార్టింగు హాలులో పొగ నింపుకోవడం ఆమెకు సంఘీభావం కాజాలదు.

ముందు మన ఇల్లు

యాజమాన్యాన్ని అడిగే ముందు మనల్ని మనం అడుగుకోవలసినది ఒకటున్నది. ఎన్నో ఏళ్ళు మన యూనియన్ కార్యాలయాలే పొగతో నిండి ఉండేవి. అర్ధరాత్రి దాకా సాగిన కార్యవర్గ సమావేశాలలో, కరపత్రాల ముసాయిదాలు వ్రాస్తూ, సిగరెట్టు వెలిగించడం పోరాటపటిమకు గుర్తు అన్నట్లు ప్రవర్తించాము. ఒక శాఖా కార్యవర్గంలో ఒక సహోదరి మూడేళ్ళు ప్రతి సమావేశంలోను తలుపు పక్కనే, సగం బయట, సగం లోపల కూర్చునేది. ముందుకు వచ్చి కూర్చోమంటే, “ఇక్కడే బాగుందన్నా, గాలి వస్తుంది” అనేది. ఆమెకు బిడియమని అనుకున్నాము. ఆమె మాట్లాడిన మాటలు సగం మాకు వినబడలేదు. వినబడని ఆ మాటలలో మహిళా విశ్రాంతి గదిని గురించిన కోర్కె ఒకటి. దానిని మేము ఎజెండాలో చేర్చినది ఆమె బదిలీపై వెళ్ళిన తర్వాత. ఆమె అడిగినది గాలి అని అర్థం కావడానికి అంతకంటె ఎక్కువ కాలం పట్టింది. ఇది శోచనీయం, చెప్పుకోవలసిన సంగతి కనుక చెబుతున్నాము.

కనుక మా సూచనలు ఇవి. ఒకటి, ప్రతి యూనియన్ కార్యాలయం, ప్రతి సమావేశ స్థలం ముందుగా ధూమరహితం కావాలి. రెండు, ప్రతి శాఖ తన పరిధిలోని విశ్రాంతి గదులు, రన్నింగు రూములు, సార్టింగు హాళ్ళు, క్యాంటీన్లు పరిశీలించి, బోర్డు ఉన్నదా లేదా అన్నదానితో సరిపెట్టక, గాలి ఎట్లా ఉన్నదో, ఫిర్యాదు వినేవాని పేరు ఉన్నదో లేదో వ్రాయాలి. మూడు, జరిమానా వసూలు బాధ్యతను ఒంటరి స్టేషను మాస్టరు, పోస్టు మాస్టరు మీద వేయక, తగిన సిబ్బందిని ఇవ్వవలసిందిగా యాజమాన్యాన్ని కోరాలి. నాలుగు, పొగాకు మానదలచిన ఉద్యోగికి చికిత్స, అవసరమైతే సెలవు ఇప్పించాలి. అయిదు, మనతో పాటు పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు ఈ రక్షణ అంతటిలో సమాన భాగం ఉండాలి.

చండీగఢ్ నగరాన్ని 2007లో ధూమరహిత నగరంగా ప్రకటించారు. ఊరంతటా ఒక్క సిగరెట్టు వెలగడం లేదని దాని అర్థం కాదు. బహిరంగ ప్రదేశాలలో చట్టాన్ని అమలు చేయడానికి పాలకులు బాధ్యత వహించారని దాని అర్థం. ఆ బాధ్యతను మన స్టేషనులో, మన తపాలా కార్యాలయంలో వహించవలసినది యాజమాన్యం. వహింపజేయవలసినది మనం. బోర్డు మీది మాటను చదివి ఊరుకునే రోజులు పోవాలి. ఆ మాట ప్రకారం గాలి ఉన్నదా అని ప్రతి సభ్యుడు, ప్రతి సభ్యురాలు అడగాలి. తలుపు పక్కన కూర్చున్న ఆ సహోదరి నిర్భయంగా ముందు వరుసలోకి వచ్చి కూర్చున్ననాడే మన చోటు ధూమరహితమైనదని మేము ఒప్పుకుంటాము.